ఊళ్ళు ప్యాటర్న్‌లుగా: లిస్బన్ అయింది, బార్సిలోనా నడుస్తోంది

నేను తిరిగి చూసొచ్చిన విదేశీ నగరాలని ఫోటో చూసి మక్కీకి మక్కీ దించడం మానేసి, ఆ ఊళ్ళో పదే పదే కంటబడ్డ ఒక్క ఆకారాన్ని పట్టుకుని కాగితం మొత్తం నింపుతున్నాను. టవర్లూ వంతెనలూ జోలికి పోను, అవి అందరి ఫోటోల్లోనూ ఉంటాయి. నడిచిన నేల, చెయ్యి ఆనించిన గోడ, వాటి మీది డిజైన్‌ని మళ్ళీ మళ్ళీ గీస్తుంటే మాత్రం ఏ మలుపు దగ్గర ఆగామో, ఎండ ఎటు నుంచి పడిందో కూడా గుర్తొస్తుంది.

లిస్బన్ పూర్తయింది. రొస్సియో స్క్వేర్‌లో నేలంతా నలుపు తెలుపు అలలే, తెల్లది సున్నపురాయి, నల్లది బసాల్ట్, అన్నీ చేత్తో పేర్చిన చిన్న ముక్కలు. 19వ శతాబ్దం మధ్యలో వేసిన ఈ అలే తర్వాత బ్రెజిల్‌లోని రియో నగరంలో కోపకబానా తీరం దాకా వెళ్ళింది. నేల చదునుగానే ఉన్నా నడుస్తుంటే ఊగుతున్నట్టు ఉంటుంది, నాకు బొమ్మలో కావలసింది ఆ ఊపే.

32 సెం.మీ. చదరం కాగితం తీసుకున్నాను, 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాముల మందం), హాట్ ప్రెస్ది, అంటే నున్నగా ఉండే రకం, ఎందుకంటే గరుకు కాగితం మీద అంచులు నీట్‌గా రావు. అర్ధవృత్తాలతో గీస్తే అల మరీ లోతుగా, బొద్దుగా వస్తుంది, అందుకని పావు వృత్తం వాడాను. అడ్డంగా ఒక గీత గీసి దాని మీద 4 సెం.మీ.కి ఒక చుక్క పెట్టాలి. రెండు చుక్కల మధ్యకి సరిగ్గా 2 సెం.మీ. కింద కంపాస్ ముల్లు గుచ్చి, 2.8 సెం.మీ. తెరిచి, చుక్క నుంచి చుక్కకి గీస్తే పైకి లేచే వంపు వస్తుంది. పక్క జతకి ముల్లు గీతకి పైన 2 సెం.మీ. దగ్గర పెడితే కిందికి దిగే వంపు. ఇలా వరసకి నాలుగు అలలు. ఒక్క వరస గీస్తే చాలు, మిగతావి ట్రేసింగ్ పేపర్‌తో దించుకోవచ్చు. ట్యూబులోని నలుపు చదునుగా, ప్రాణం లేనట్టు కనిపిస్తుంది కాబట్టి అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు కలిపి నలుపు చేసుకున్నాను. తెలుపులో చిటికెడు ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) పడితేనే సున్నపురాయి రంగు. నేను వాడేది గ్వాష్, అంటే నీళ్ళతో కలిపే చిక్కటి, కింది పొర కనబడనివ్వని రంగు. అది ఆరాక ముదురు రంగులు కాస్త తేలతాయి, లేత రంగులు కాస్త ముదురుతాయి, అందుకే ముందు పక్క కాగితం మీద ఆరబెట్టి చూడటం మంచిది. పైగా రంగు మొత్తం ఒకేసారి కలిపి మూత ఉన్న డబ్బాలో పెట్టుకోవాలి, మధ్యలో అయిపోతే అదే షేడ్ మళ్ళీ రాదు.

బార్సిలోనా సగంలో ఉంది. పస్సేజ్ దె గ్రాసియా వీధి కాలిబాట మీది ఆర్కిటెక్ట్ గౌడీ షడ్భుజి పలకలు. ఆక్టోపస్, నక్షత్రచేప, నాచు లాంటి సముద్రపు ఆకారాలు, కానీ ఏ ఒక్క పలకలోనూ డిజైన్ మొత్తం ఉండదు, ఏడు పలకలు కలిస్తేనే పూర్తవుతుంది. ఈ ఆలోచన నాకెంత నచ్చిందో చెప్పలేను. ఆయన బొమ్మని కాపీ కొట్టకుండా ఆ పద్ధతి మాత్రం తీసుకున్నాను: నా పలక మూలల్లో బాల్కనీ ఇనుప వంపు, చెట్టు ఆకు, దీపస్తంభం ముక్కలుగా ఉంటాయి, పక్క పలకలు చేరితేనే అవి అతుక్కుంటాయి. 3 సెం.మీ. భుజంతో అట్ట టెంప్లేట్ కోశాను, అడ్డంగా ఆరు పలకలకి 31.2 సెం.మీ., కాగితంలో సరిపోతుంది. వరసకీ వరసకీ దూరం 4.5 సెం.మీ. రంగులు మూడే, నీలం కలిసిన బూడిద ఆకుపచ్చ, దాని లేత షేడ్, గీతలకి ముదురు షేడ్. గ్వాష్ మీద రెండో పూత చిక్కగా, ఒక్క ఊపులో వేసేయాలి, కుంచెతో రుద్దితే కింది పూత లేచిపోతుంది. అది టెన్షన్ అనుకుంటే యాక్రిలిక్ గ్వాష్ వాడండి, ఆరాక నీళ్ళకి కదలదు.

తర్వాతది ఆమ్‌స్టర్‌డామ్. కాలువ ఒడ్డు ఇళ్ళ నెత్తి మీది మెట్ల ఆకారం, గంట ఆకారం ముఖప్పులూ, సామాను పైకి లాగే కొక్కెం దూలాలూ స్కెచ్‌బుక్‌లో ఉన్నాయి. వాటిని పక్క నిలువు వరసలో సగం ఎత్తు కిందికి జరిపి పేర్చాలని ప్లాన్. అంచులు కలుస్తాయో లేదో చూడటానికి స్కెచ్‌ని నాలుగు ముక్కలు చేసి, కుడి పక్క రెండు ముక్కలని ఎడమ పక్కకి తెచ్చి, వాటిలో పైదాన్ని కిందా కిందిదాన్ని పైనా పెట్టి టేప్ అంటించాను, మధ్యలో ఖాళీ తేలింది. అక్కడ నీళ్ళలో నీడ పెట్టాలా, సైకిల్ చక్రం పెట్టాలా అన్నది ఇంకా తేల్చుకోవాలి.