మాడిసన్‌లో అద్దె ఇల్లు, ఆగస్టు 15, డిపాజిట్: నా అనుభవం

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్ర రాజధాని మాడిసన్‌కు ఎంఎస్ చదవడానికి వచ్చేవాళ్లు కోర్సుల గురించి, చలి గురించి అడుగుతారు. ఇంటి గురించి అడిగేవాళ్లు తక్కువ. నాకు మాత్రం ఇక్కడ చదువు కంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది అద్దె ఇల్లే.

ఈ ఊరి నడిబొడ్డు మెండోటా, మొనోనా అనే రెండు సరస్సుల మధ్య సన్నటి నేల మీద ఉంటుంది. మధ్యలో 1917లో పూర్తయిన క్యాపిటల్, అంటే రాష్ట్ర శాసనసభ భవనం. దానికి మైలు లోపల ఏ కట్టడమూ దాని గుమ్మటం చుట్టూ ఉన్న స్తంభాల మొదలు కంటే ఎత్తు పోకూడదని 1990లో చట్టం చేశారు. ఎక్కడి నుంచి చూసినా ఆ తెల్లటి గుమ్మటం కనిపించడం నాకు ఎంతో ఇష్టం. కానీ పక్కకు పెరుగుదామంటే నీళ్లు అడ్డం, పైకి పెరుగుదామంటే చట్టం అడ్డం. 2020 లెక్కల ప్రకారం ఊరి జనాభా 2,69,840. యూనివర్సిటీ విద్యార్థులే 40 వేల పైచిలుకు. ఇక ఇళ్లు ఎక్కడ దొరుకుతాయి?

క్యాంపస్ చుట్టుపక్కల చాలా లీజులు ఆగస్టు 15న మొదలై, మరుసటి ఏడాది ఆగస్టు 14న ముగుస్తాయి. వచ్చే ఆగస్టులో దిగే ఇంటికి ఈ ఏడాది చలికాలం రాకముందే సంతకాలు మొదలవుతాయి. దిగి రెండు నెలలు కూడా కాకుండానే, మళ్లీ ఏడాది ఎవరితో ఉంటావు, ఎక్కడ ఉంటావు అని తేల్చుకోవాలి. లీజు మీద అందరి పేర్లూ ఉంటే బాధ్యతా ఉమ్మడిదే. ఒకరు మధ్యలో వెళ్లిపోతే వాళ్ల వాటా మిగతావాళ్ల మీద పడుతుంది. అందుకే రూమ్మేట్ల ఎంపిక ఇంటి ఎంపిక కంటే ముఖ్యం.

రెండో ఇల్లు వెతుకుతున్నప్పుడు మా డిపార్ట్‌మెంట్‌లో సీనియర్, గుంటూరు అక్క ఒకావిడ మంచి మాట చెప్పింది. "తమ్ముడూ, ఓనర్లు నీ పేరు కోర్టు వెబ్‌సైట్‌లో చూస్తారు కదా, నువ్వూ ఓనర్ పేరు చూడు." విస్కాన్సిన్ సర్క్యూట్ కోర్టుల కేసులు చాలావరకు ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతకొచ్చు. ఇక్కడ అందరూ దాన్ని సీక్యాప్ అంటారు. మాకు నచ్చిన ఒక ఇంటి కంపెనీ పేరు కొడితే డిపాజిట్ల మీద అద్దెకున్నవాళ్లు వేసిన కేసులు వరసగా వచ్చాయి. ఆ ఇల్లు వదిలేశాం. ఇంకోచోట క్రెడిట్ హిస్టరీ లేదని, హామీదారు కావాలని అడిగారు. యూనివర్సిటీ అసిస్టెంట్‌షిప్ లెటర్, బ్యాంక్ స్టేట్‌మెంట్ చూపించాక ఒప్పుకున్నారు.

అసలు పరీక్ష ఆగస్టు 14. పాత ఇల్లు మధ్యాహ్నానికల్లా ఖాళీ చేయాలి, కొత్త తాళాలు మర్నాడు గానీ ఇవ్వరు. ఆ రాత్రికి ఊళ్లో చాలామంది విద్యార్థులకు ఇల్లుండదు. ట్రక్కులు చాలా ముందే బుక్కయిపోతాయి కాబట్టి మేం జూన్‌లోనే మాట్లాడి పెట్టుకున్నాం. సామాను ట్రక్కులోనే ఉంచి తాళం వేసి, యూనివర్సిటీ వాళ్ల ఈగిల్ హైట్స్ అపార్ట్‌మెంట్లలో ఫ్యామిలీతో ఉంటున్న ఒక అన్నయ్య వాళ్లింట్లో పడుకున్నాం. వదిన రాత్రికి చారు, బంగాళాదుంప వేపుడు చేసి పెట్టింది. అలసిపోయిన ఒంటికి ఆ భోజనం ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఆ రెండు రోజులూ వీధులు చూడాలి. సోఫాలు, బల్లలు, మైక్రోవేవ్‌లు, పుస్తకాల అరలు ఫుట్‌పాత్ పక్క గడ్డి మీద గుట్టలుగా ఉంటాయి. ఎవరికి కావాల్సింది వాళ్లు పట్టుకుపోతారు. హిప్పీ క్రిస్మస్ అంటారు దీన్ని. నాకొక టేబుల్ ల్యాంపు దొరికింది, దాని మీద పెన్సిల్‌తో "పనిచేస్తుంది" అని రాసిన చీటీ. నిజంగానే పనిచేసింది. చెక్క, ఇనుము సామాను ధైర్యంగా తీసుకోండి. పరుపులు, గుడ్డ సోఫాలు మాత్రం ముట్టుకోవద్దు. ఫోన్ టార్చ్ వేసి కుట్ల వెంట చూస్తే నల్లటి చుక్కలు కనిపిస్తాయి, అవి నల్లుల గుర్తులు.

ఇక డిపాజిట్. విస్కాన్సిన్‌లో ఓనరు 21 రోజుల్లోపు డబ్బు తిరిగివ్వాలి, లేదా దేనికెంత కోశారో లెక్క రాసి పంపాలి. మా పాత ఓనరు నుంచి లెక్క వచ్చింది: కార్పెట్ క్లీనింగ్, గోడలకు రంగు. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు, అద్దెకున్నవాళ్లు ప్రత్యేకంగా పాడుచేయనప్పుడు రొటీన్‌గా చేయించే కార్పెట్ క్లీనింగ్‌కు, రంగులకు డిపాజిట్‌లో కోయకూడదని అద్దె ఇళ్ల మీద రాష్ట్రం పెట్టిన ఏటీసీపీ 134 నిబంధనలు చెబుతున్నాయి. ఇంట్లో దిగగానే పాత లోపాలు రాసిచ్చేందుకు కనీసం 7 రోజుల గడువుంటుంది. ఆ గడువులోనే మేం గది గదికీ ఫొటోలు తీసి, ఆ లోపాలు రాసే చెక్ఇన్ షీట్ నింపి, ఈమెయిల్‌లో పంపి ఉన్నాం. హాల్లో కిటికీ కింద కాఫీ రంగు మరక మేం రాకముందు నుంచీ ఉన్నదే, ఫొటోలో తేదీతో సహా ఉంది.

కోపం వచ్చినా ఉత్తరంలో దాన్ని రానివ్వలేదు. నిబంధన నంబరు, ఫొటోలు, మాకు రావాల్సిన మొత్తం, జవాబుకు గడువు, అంతే. అక్రమంగా పట్టుకున్న డబ్బుకు కోర్టులో రెట్టింపు, లాయరు ఖర్చులు కూడా అడగొచ్చని చివర్లో మర్యాదగా గుర్తు చేశాం. భాష సరిచూసుకోవడానికి, అద్దెకున్నవాళ్లకు సాయపడే టెనెంట్ రిసోర్స్ సెంటర్ వాళ్ల సమాచారం బాగా పనికొచ్చింది. చిన్న మొత్తాల తగాదాలు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్లే అవసరం రాలేదు, కోసిన డబ్బంతా చెక్కుగా వచ్చింది.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. చెక్కు మా అందరి పేర్ల మీదా కలిపి రాశారు. బ్యాంకులో అందరి సంతకాలూ కావాలన్నారు, మాలో ఒకడు అప్పటికే ఉద్యోగానికి సియాటిల్ వెళ్లిపోయాడు. చెక్కు పోస్టులో అక్కడికి వెళ్లి, సంతకంతో తిరిగొచ్చాక గానీ డబ్బు చేతికి రాలేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కొత్త అడ్రసుతో పాటు, ఎవరి వాటా చెక్కు వాళ్లకు విడిగా పంపమని కూడా రాతపూర్వకంగా అడగండి. ఈసారి మేం లీజు సంతకాల రోజే ఆ మాట ఈమెయిల్‌లో పెట్టాం, సరేనన్నారు.