క్యాలిక్యులేటర్‌తో డీజీపీ విశ్వం

కాకతీయ యూనివర్సిటీలోనో వరంగల్ ఎన్‌ఐటీలోనో ఎంఎస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టుకు ఐన్‌స్టీన్‌ది కాని గురుత్వం తీసుకుంటే, నేరుగా ఎఫ్ ఆఫ్ ఆర్, అంటే f(R) అనే సవరించిన గురుత్వ సిద్ధాంతం మీద పడొద్దు. అక్కడివన్నీ నాలుగో ఆర్డర్ సమీకరణాలు. డీజీపీతో మొదలుపెట్టండి, సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ చాలు.

ద్వాలీ, గబడాడ్జే, పొర్రాటీ 2000లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఇది; ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలే డీజీపీ. మన లోకం ఐదు మితుల ఆవరణలో ఒక పొర. బాగా పెద్ద దూరాల్లో గురుత్వం పొర దాటి జారిపోతుంది. దాంతో డార్క్ ఎనర్జీ (విస్తరణను వేగవంతం చేస్తుందనుకునే శక్తి) లేకుండానే విశ్వం విస్తరణ వేగం పుంజుకుంటుంది.

పదార్థం వాటా 0.3 అనుకుందాం, రేడియేషన్ వదిలేద్దాం. డీజీపీ వాటా 0.7 కాదు, 0.7 వర్గంలో నాలుగో వంతు, అంటే 0.1225. తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. హబుల్ రేటు, అంటే విశ్వం విస్తరించే రేటు (నేటిది 1 అనుకుంటే; z అంటే రెడ్‌షిఫ్ట్, విస్తరణ వల్ల కాంతి ఎంత సాగిందో చెప్పే కొలత, నేటికి 0) √0.1225 + √(0.1225 + 0.3(1+z)³). నేటికి 0.35 + 0.65, సరిగ్గా 1. పొరపాటున 0.7 పెడితే 1.84 వస్తుంది, అక్కడే ఆగి సరిచేసుకోండి. మొదటి √ ముందు మైనస్ పెడితే అది వేరే శాఖ, తనంతట తాను వేగం పుంజుకోదు.

రెడ్‌షిఫ్ట్ 1 దగ్గర ఈ రేటు డీజీపీకి 1.94, మామూలు లాంబ్డా (మారని డార్క్ ఎనర్జీ ఉన్న) మోడల్‌కు 1.76. పది శాతం తేడా! గతంలో వేగం ఎక్కువంటే వయసు తక్కువ. నేటి హబుల్ విలువ 70 (కి.మీ./సె./మెగాపార్సెక్) అయితే డీజీపీ విశ్వం వయసు సుమారు 1270 కోట్ల ఏళ్లు, లాంబ్డాది 1350 కోట్లు.

అసలు పరీక్ష మాత్రం గెలాక్సీల గుంపులు పెరిగే తీరులో ఉంది. విస్తరణ ఒక్కటే అయితే డార్క్ ఎనర్జీ లక్షణాలు సర్ది ఎవరైనా అనుకరించొచ్చు. మనం తీసుకున్న ఈ ప్లస్ శాఖలో గుంపుల స్థాయిలో గురుత్వం బలహీనపడుతుంది: రెడ్‌షిఫ్ట్ 1 దగ్గర న్యూటన్ విలువలో 0.86 వంతు, నేడు 0.72 వంతు. పైగా ఈ శాఖలో ఘోస్ట్ ఉంది, అంటే గతిశక్తికి మైనస్ గుర్తు. అందుకే దీన్ని ఇప్పుడు నిజమైన విశ్వంగా ఎవరూ పట్టుకోరు. నేర్చుకోవడానికి మాత్రం ఇంతకంటే శుభ్రమైన మోడల్ దొరకదు.

గుంపుల పెరుగుదల సమీకరణాన్ని కాలంతో కాదు, స్కేల్ ఫ్యాక్టర్ (విశ్వం పరిమాణం, నేటిది 1) లాగరిథమ్‌తో నడపండి. స్కేల్ ఫ్యాక్టర్ 0.01 దగ్గర మొదలుపెట్టి, సాంద్రత తేడా, దాని వాలు రెండూ 0.01గా ఇవ్వండి. నేటి పెరుగుదల రేటు 0.44 పరిసరాల్లో రావాలి. 0.5 దాటిందంటే విస్తరణ మార్చారు గానీ గురుత్వాన్ని తగ్గించడం మరిచారు.