ఏటి ఒడ్డే మెరక

ఈ సంక్రాంతికి కోనసీమలో గోదావరి పక్కనున్న మా మేనమామ గారి ఊరికి వెళ్లినప్పుడు, చిన్నప్పటి నుంచి తిరిగిన నేలనే ఎత్తుపల్లాలు గమనిస్తూ చూశాను. ఏటికి దగ్గరయ్యే కొద్దీ నేల పల్లమవుతుందని చాలామంది అనుకుంటారు గానీ, వరద పొర్లినప్పుడు ముతక ఇసుక ఒడ్డునే దిగిపోయి, సన్నని బంకమట్టి దూరంగా పోయి పేరుకోవడం వల్ల డెల్టాలో ఒడ్డే మెరకవుతుంది. అందుకే అక్కడ ఇళ్లూ కొబ్బరి తోటలూ ఏటివైపు మెరక మీద ఉంటే, వరిచేలు లోపలి పల్లంలో ఉన్నాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక విస్తరించిన పంట కాలువలు మెరక పట్టుకుని నడుస్తాయి, మురుగు కాలువలు పల్లం వెంట పోతాయి. నా మటుకు వీటిలో మురుగు కాలువే ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే గుర్రపుడెక్క పట్టి అది పూడితే ఒక్క తుఫాను వానకే సార్వా (వానాకాలం వరి) చేలు రోజుల తరబడి నీట నానుతాయి.

ఏటిగట్టు దాటితే లంక భూములు, అంటే గట్టుకూ ఏటికీ మధ్య, ఏటి నడుమ ఒండ్రు మేటలు వేసిన నేలలు. అక్కడ కోతకు గురైన ఒడ్డు నిలువునా తెగి ఉండగా, దాని అంచులో ఇసుక పొర, దాని మీద వేలెడు మందం ఒండ్రు, మళ్లీ ఇసుక స్పష్టంగా కనిపించాయి. “ఎరువు గోదారే వేస్తుందిరా, చేను కూడా గోదారే పట్టుకుపోతుంది” అన్నారు మామయ్య. ఆయన అరటి తోటలో సగం మొన్నటి వరదకే ఏట్లో కలిసింది. మిగిలిన దానిలో ఈసారి కంద వేస్తారట.