మా వాడు సొంతంగా చదివిన మొదటి తెలుగు వాక్యం

మొన్న జూన్‌లో రాజోలు దగ్గర మా ఊరికి వెళ్లినప్పటి మాట ఇది. మధ్యాహ్నం కరెంటు పోయింది. అమ్మ వీధరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది. పద్నాలుగేళ్ల మా అబ్బాయి అమ్మమ్మ ఫోన్ తీసుకుని ఆవిడ పక్కనే చేరాడు. కాసేపటికి వంటింట్లో ఉన్న నాకు వాడి గొంతు వినపడింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నాడు. "వా... ళ్ల... ను... న... మ్మ... కూ... డ... దు."

నా ప్రాణం లేచొచ్చింది. పక్కన నేను లేకుండా, ఎవరూ చదవమనకుండా వాడు తెలుగు చదువుతున్నాడు! చెయ్యి తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చి చూశాను. అది మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయ్ పెట్టిన ఫార్వర్డు. ఒక మతంలో పుట్టినవాళ్లందరూ పుట్టుకతోనే హంతకులట. వాళ్ల కొట్లో ఏమీ కొనకూడదట. ఇది పదిమందికీ పంపాలట.

మేముండేది అమెరికాలో, కాన్సస్ రాష్ట్రంలోని ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో. వాడికి ఆరేళ్లప్పటి నుంచీ ప్రతి ఆదివారం పొద్దున్నే డైనింగ్ టేబుల్ మీద పెద్దబాలశిక్ష తెరుస్తాను. ఒత్తుల దగ్గర వాడు ఏడ్చిన రోజులున్నాయి, విసుగొచ్చి నేను అరిచిన రోజులూ ఉన్నాయి. నాకున్న ఆశ ఒక్కటే. నేను కాకినాడ హాస్టల్లో చదువుకునేటప్పుడు నాన్న రాసిన ఇన్‌లాండ్ లెటర్లు అమ్మ ట్రంకుపెట్టెలో ఉన్నాయి. తాతగారిని చూడని నా కొడుకు కనీసం ఆయన చేతిరాత చదవగలగాలి. ఎనిమిదేళ్లు పట్టింది. తీరా వాడు చదివింది ఇదీ.

"అమ్మా, వాళ్లు అంటే ఎవరు?" అని అడిగాడు. అర్థం కాక అడగలేదు, అర్థమయ్యే అడిగాడు. వాడి ప్రాణ స్నేహితుడు లాహోర్ నుంచి వచ్చిన ముస్లిం కుటుంబంలోని పిల్లాడు. వీధిలో మాకు రెండిళ్ల అవతలే ఉంటారు. రంజాన్‌కి వాళ్లింటి నుంచి ఖర్జూరాలు వస్తాయి, సంక్రాంతికి మా ఇంటి నుంచి అరిసెలు వెళ్తాయి.

నోటికొచ్చిన జవాబు చెప్పేశాను. "మతం పేరుతో చంపేవాళ్లు అసలు ఆ మతం వాళ్లే కాదు నాన్నా, వాళ్లు పిచ్చివాళ్లు."

"పిచ్చివాళ్లైతే ప్రార్థన చేసుకుని మరీ ఎందుకు వెళ్తారు?"

ఆ జవాబు నన్ను నేను ఊరడించుకోవడానికి చెప్పుకున్నదే. వాడు స్కూల్లో చరిత్ర చదువుతున్నాడు. 2023 అక్టోబరు 7న హమాస్ ఇజ్రాయెల్లో సుమారు 1,200 మందిని చంపినప్పుడూ, ఆ తర్వాత గాజాలో పసిపిల్లల శవాలు తెల్లగుడ్డల్లో వరసగా కనపడినప్పుడూ వాడి క్లాసులో యూదుల పిల్లలున్నారు, ముస్లిం పిల్లలున్నారు. ఇంట్లో మేం టీవీ కట్టేసినంత మాత్రాన వాడికి తెలియకుండా పోయేదేమీ లేదు.

ఆ రాత్రి డాబా మీద దోమతెరలో పడుకుని నాకు తెలిసినవన్నీ దాచకుండా చెప్పాను. 1994 ఫిబ్రవరిలో, రంజాన్ నెలలో, పాలస్తీనాలోని హెబ్రోన్ పట్టణంలో నమాజు చేసుకుంటున్నవాళ్ల వీపుల మీద కాల్పులు జరిపి 29 మందిని చంపిన బరూచ్ గోల్డ్‌స్టీన్ భక్తిపరుడైన యూదుడు. న్యూయార్క్‌లో పుట్టిన డాక్టరు. అతని సమాధిని కొందరు పుణ్యక్షేత్రంలా తీర్చిదిద్దితే 1999లో ఇజ్రాయెల్ సైన్యమే వచ్చి ఆ కట్టడాన్ని తొలగించింది. 1995 నవంబరు 4న శాంతి సభ ముగించుకుని వస్తున్న ఇజ్రాయెల్ ప్రధాని రబీన్‌ని కాల్చి చంపిన ఇగాల్ అమీర్ కూడా యూదుడే, లా చదువుకుంటున్న కుర్రాడు. ధర్మశాస్త్రం తనకు ఆ హక్కు ఇచ్చిందన్నాడు.

"అంటే సొంత మతం వాడినే చంపాడా?" అని లేచి కూర్చున్నాడు మా వాడు.

అవును, సొంతవాడినే. 2014 డిసెంబరు 16న పెషావర్‌లో తాలిబన్లు ఒక స్కూల్లోకి చొరబడి 130 మందికి పైగా విద్యార్థులను చంపారు. చచ్చిపోయిన పిల్లలూ ముస్లింలే, చంపినవాళ్లూ అల్లా పేరు చెప్పుకునేవాళ్లే. మా కాన్సస్‌లోనే విచిటాలో డాక్టర్ జార్జ్ టిల్లర్ అనే ఆయన గర్భస్రావాలు చేసేవారు. 2009 మే 31, ఆదివారం. ఆయన తమ లూథరన్ చర్చికి వచ్చేవాళ్లను ఆహ్వానిస్తూ లోపల నిలబడి ఉన్నారు. దేవుడి పని చేస్తున్నానని నమ్మిన మనిషి ఒకడు అక్కడికే వచ్చి తలలో కాల్చాడు. లూథరన్ చర్చి అనగానే మా వాడికి మన గోదావరి జిల్లాల్లో రోడ్డు పక్కన చూసిన బోర్డులు గుర్తొచ్చాయి. "ఆ చర్చేనా?" అన్నాడు. ఆ చర్చి లాంటిదే.

ఇవన్నీ తలచుకున్నప్పుడు నాకు కనపడేది ఇది. మతం తలకెక్కినవాడు పరాయి మతం వాడిని ద్వేషిస్తాడని మనం అనుకుంటాం. కానీ తన గుడిలోనే, తన మసీదులోనే, తనలా నమ్మని మనిషి మీద అతనికి ఇంకా ఎక్కువ కక్ష ఉంటుంది. పరాయివాడు శత్రువు, ఇతను ద్రోహి. అందుకే 'ఆ మతం వాళ్లంతా' అనే మాట పచ్చి అబద్ధం. ఆ మాట అన్న క్షణంలో మనం చంపినవాడినీ చచ్చినవాడినీ ఒకే గాటన కట్టేస్తున్నాం. ఈ మాట వాడికి అర్థమయ్యేలా చెప్పగలిగానో లేదో గానీ, చాలాసేపు నిద్రపోలేదు.

మా ఇంటికి దగ్గరలోనే జరిగినది చివర్లో చెప్పాను. 2014 ఏప్రిల్ 13, మట్టల ఆదివారం. ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో యూదుల కమ్యూనిటీ సెంటర్‌కీ, యూదుల వృద్ధాశ్రమానికీ ఒక ముసలి నాజీ భక్తుడు తుపాకులతో వెళ్లాడు. యూదులను చంపాలని వెళ్లి ముగ్గురిని చంపాడు. ముగ్గురూ క్రైస్తవులే. అందులో ఒకడు పాటల పోటీకని తాతతో వచ్చిన పిల్లాడు. వాడికీ పద్నాలుగేళ్లే. ఆ రోడ్డు మీద నుంచే మేం కూరగాయలకు వెళ్తాం.

పొద్దున్న అమ్మ అరుగు మీద మళ్లీ సూది, దారం ఉండ పట్టుకుంది. రాత్రి మా మాటలు విన్నట్టుంది. "ఒరేయ్ బుజ్జీ, ఇది ఎవరు నేర్పారో తెలుసా?" అని అల్లుతున్న పువ్వు చూపించింది. ఎప్పుడో మిషనరీ దొరసానులు నర్సాపురం వైపు ఆడవాళ్లకు నేర్పిన అల్లిక. అమ్మకు దారం తెచ్చి ఇచ్చి, అల్లినవి పట్టుకెళ్లే ఆవిడ చర్చి పక్కన ఉంటుంది. ముప్ఫయ్యేళ్ల నేస్తం. 2020 సెప్టెంబరులో అంతర్వేది నరసింహస్వామి రథం కాలిపోయింది. ఊళ్లకు ఊళ్లే ఏడ్చాయి, అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. ఆ తర్వాత జరిగిన గొడవల్లో అక్కడి చర్చి మీద రాళ్లు పడ్డాయి. అసలే కరోనా రోజులు, దానికి తోడు ఇది. దారం ఆవిడ రెండు వారాలు గడప దాటలేదట. అమ్మ అల్లినవన్నీ సంచిలో వేసుకుని తనే వాళ్లింటికి నడిచి వెళ్లింది.

"వెళ్లి ఏం చెప్పావు అమ్మమ్మా?"

"ఏం చెప్తాను? దారం అయిపోయింది, ఇవ్వమన్నాను."

బాబాయ్‌తో మాట్లాడాల్సిన పని మిగిలిపోయింది. నాన్న పోయాక మాకు ఆయనే పెద్దదిక్కు. నా కాలేజీ ఫీజులు కట్టింది ఆయన. ఆయన ముందు గొంతెత్తిన రోజు లేదు. ఫోన్ చేసి, "మీరు గ్రూపులో పెట్టింది మా వాడు చదివాడు బాబాయ్" అన్నాను.

"ఎవరో పంపారమ్మా. నేను పూర్తిగా చదవను కూడా లేదు. వాడికి తెలుగొచ్చా?"

2017 గుర్తుచేశాను. ఫిబ్రవరి 22న మా పక్క ఊరు ఒలేథాలో మన తెలుగు ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్ల బార్‌లో స్నేహితుడితో కూర్చుని ఉంటే, "మా దేశం నుంచి పొండి" అంటూ ఒకడు కాల్చి చంపాడు. ఇరానీయులనుకుని చంపాడు. అడ్డుపడబోయిన తెల్ల కుర్రాడినీ కాల్చాడు. ఆ వార్త తెలిసి, మా కాన్సస్‌లో అర్ధరాత్రి వేళ ఫోన్ చేసి, అల్లుడిని వారం రోజులు బయటికి పంపొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది బాబాయే.

"ఆ తుపాకీవాడికి కూడా 'వాళ్లు' అనే ఒక్క మాటే తెలుసు బాబాయ్. ఆ 'వాళ్లు'లో మేమూ ఉన్నాం" అన్నాను. నా గొంతు వణికింది. ఆయన ఏమీ అనలేదు. ఫోన్ కూడా పెట్టేయలేదు. ఆయన వెనక కాలవ గట్టు మీద వెళ్తున్న ట్రాక్టరు చప్పుడు దూరమయ్యేదాకా నేనూ పట్టుకునే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే సైకిలుకు నాలుగు కొబ్బరి బొండాలు కట్టుకుని వచ్చాడు. నాతో ఎక్కువ మాట్లాడలేదు. మా వాడి పక్కన అరుగు మీద కూర్చుని, కత్తితో బొండం చెక్కి ఇచ్చి, "నీ స్నేహితుడు... ఏం ఆడతార్రా మీరిద్దరూ?" అని అడిగాడు. మా వాడు తనకొచ్చిన తెలుగులో సాకర్ గురించి, మంచు గురించి చెప్పాడు. ఫోన్ తీసి ఫోటో చూపించాడు. మోకాళ్ల లోతు మంచులో పారలు పట్టుకుని ఇద్దరు పిల్లలు. కళ్లు తప్ప ఏమీ కనపడకుండా టోపీలు, మఫ్లర్లు.

బాబాయ్ జేబులోంచి కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. ఫోన్‌ని దగ్గరికి లాక్కుని, దూరంగా పెట్టుకుని, చాలాసేపు చూశాడు.

"ఇందులో నువ్వెవర్రా?" అన్నాడు.