మాటలో మడత

"అంటే నేను చదవట్లేదని ఇంప్లై చేస్తున్నావా డాడీ?"

నేనన్నది ఒక్కటే మాట: "పక్కింటి అమ్మాయి అప్పుడే రెండో రివిజన్ మొదలుపెట్టిందట." పదో తరగతి చదువుతున్న మా వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేనలా అనలేదురా, నువ్వే ఇన్ఫర్ చేసుకున్నావు" అనబోయి ఆగాను. ఇంప్లై చేసేది, అంటే మాటలో చాటుగా సూచించేది, మాట్లాడేవాళ్లు; ఇన్ఫర్ చేసుకునేది, అంటే ఆ మాట నుంచి అర్థం తీసుకునేది, వినేవాళ్లు. ఆ తేడా నాకు బాగా తెలుసు. కానీ ఇవాళ దాని చాటున దాక్కోవాలనిపించలేదు.

ఇంప్లైకి మూలం లాటిన్‌లోని 'ఇంప్లికారే'. లోపల పెట్టి మడవడమని అర్థం. నేను చేసింది సరిగ్గా అదే కదా! పక్కింటి అమ్మాయి కబురులో నా టెన్షన్‌ని మడతపెట్టి వాడి చేతికిచ్చాను.

మనకు 'ధ్వనించడం' అనే మాట ఉంది. పైకి చెప్పకుండానే మాటలో వినిపించే ఆ అర్థాన్ని, గంట కొట్టాక కూడా మోగుతూ ఉండే నాదంతో పోల్చారు ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్ర పండితులు. పద్యంలో ఆ మోత ఎంత బాగుంటుందో! కానీ ఈ ఉదయం అన్న మాట వాడి చెవుల్లో ఎంతసేపు మోగిందో.

రాత్రి వాడి గదిలోకి వెళ్లి, "అవును నాన్నా, నా మాటలో అదే ఉంది. నాకు భయంగా ఉంది, అందుకే అలా అన్నాను" అని చెప్పాను.

వాడేమీ మాట్లాడలేదు. కాస్త జరిగి, మంచం మీద నాకు చోటిచ్చాడు.