కింద రౌటర్‌ని వదలని ఫోన్

అమలాపురం దగ్గర మా ఇల్లు పాత డాబా. కింద హాలు గోడలు ఎంత మందమంటే, కిటికీ గూట్లో నాన్నగారు కాళ్ళు ముడుచుకుని కూర్చుని పేపరు చదువుకుంటారు. పైన రెండు గదులు తర్వాత వేశారు. మొబైల్ సిగ్నల్ ఇంట్లో ఒక్క గీత, అదీ గుమ్మం దగ్గరే. అందుకే ఫైబర్ పెట్టించి, అందరి ఫోన్లలో వైఫై కాలింగ్ ఆన్ చేశాం.

దసరాకి వెళ్ళి, అక్కడి నుంచే మూడు వారాలు పని చేసుకుందామనుకున్నాను. బ్యాగు దించకముందే నాన్నగారు మొదలుపెట్టారు. "పైకెళ్తే వైఫై రెండు గీతలు చూపిస్తుందిరా, వీడియో మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంటుంది. ఆపేసి మళ్ళీ ఆన్ చేస్తే బాగానే వస్తుంది." ఆ చివరి మాటలోనే అసలు రోగం ఉంది. నాకు అప్పుడు తట్టలేదు.

ముందు ఒక రిపీటర్, అంటే వైఫైని అందుకుని మళ్ళీ ముందుకి వదిలే పెట్టె, కొనుక్కొచ్చి మెట్ల పైన ప్లగ్గులో పెట్టాను. ఇంటి వైఫై పేరుకి చివర ఏదో తోక తగిలించి అది కొత్త నెట్‌వర్క్ చూపించింది. నాన్నగారి ఫోన్ దాని పక్కనే ఉండి కూడా కింద రౌటర్‌నే పట్టుకుని వేలాడింది. నెట్ కుర్రాడిని పిలిస్తే పైకొచ్చి చూసి, "రౌటర్ ఫుల్ పవర్‌లోనే ఉందండి, ఇంతకన్నా పెంచడానికి లేదండి" అని వెళ్ళిపోయాడు. పాపం అతను చెప్పింది నిజమే. సమస్య కూడా అదేనని వారం తర్వాత తెలిసింది.

నేను తప్పుగా అనుకున్నదేమిటంటే, ఏ ఫోన్ ఎక్కడ తగులుకోవాలో రౌటర్ చూసుకుంటుందని. అది చేసేది చాటింపు వేయడమే. సెకనుకి దాదాపు పదిసార్లు "నేనున్నాను, నా పేరు ఇది, నా తాళం ఈ రకం" అని ఒక చిన్న సందేశం గాల్లోకి వదులుతుంది. ఫోన్ ఒక్కో ఛానల్‌కి వెళ్ళి కాసేపు చెవి ఒగ్గి వింటుంది, ఓపిక లేకపోతే తనే "ఎవరున్నారక్కడ" అని కేకేస్తుంది. వచ్చిన జవాబుల్లో తనకు తెలిసిన పేరు ఉంటే తగులుకుంటుంది. ఒకసారి తగులుకున్నాక ఎప్పుడు వదలాలన్నది పూర్తిగా ఫోన్ ఇష్టం. వైఫై ప్రమాణాల్లో దానికి ఫలానా లెక్క అని లేదు, ఏ కంపెనీ ఫోన్‌కి ఆ కంపెనీ పెట్టుకున్నదే లెక్క. ఇంకా మంచిది పక్కనే ఉందని చాలా ఫోన్లు వెంటనే మారవు. ఉన్నదాంతో ఇక కుదరదు అనిపించేదాకా దాన్నే పట్టుకుంటాయి. నాన్నగారు వైఫై ఆపి ఆన్ చేసినప్పుడల్లా ఫోన్ మళ్ళీ మొదటినుంచి వెతుక్కునేది, అందుకే బాగుపడేది.

సరే, కొలుద్దామని సిగ్నల్ చూపించే యాప్ ఒకటి వేశాను. లొకేషన్ అనుమతి అడిగింది. చుట్టూ ఉన్న వైఫైల జాబితా చూస్తే మనిషి ఎక్కడున్నాడో పసిగట్టొచ్చు, అందుకని ఆండ్రాయిడ్ ఆ నియమం పెట్టింది. ఇచ్చాను. మెట్లెక్కుతుంటే అంకెలు కదలవు! యాప్ చచ్చిందనుకుని తీసేసి ఇంకోటి వేశాను, అదీ అంతే. చివరికి తేలిందేమంటే ఆండ్రాయిడ్ 9 నుంచి ఒక యాప్ తెర మీద తెరిచి ఉన్నా రెండు నిమిషాల్లో నాలుగుసార్లే స్కాన్ చేయగలదు, బ్యాటరీ కోసం. డెవలపర్ ఆప్షన్లలో ఆ అడ్డు తీసేస్తే గానీ అంకెలు నాతోపాటు నడవలేదు.

గోడ క్యాలెండర్ పాత నెల చించి వెనక రాసుకున్నాను. హాల్లో మైనస్ 41. మెట్ల మలుపులో మైనస్ 63. పైగదిలో మైనస్ 74. సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. అదే పైగదిలో రిపీటర్ మైనస్ 48. తేడా 26. ఈ డెసిబెల్ లెక్కలో పదికి పది రెట్లు, ఇరవైకి వంద రెట్లు కాబట్టి 26 అంటే దాదాపు నాలుగొందల రెట్లు. అంత బలమైనదాన్ని పక్కన పెట్టుకుని నాన్నగారి ఫోన్ కిందదాన్నే పట్టుకుని కూర్చుంది.

రెండిటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టాను. అలా పెడితే ఫోన్ రెండిటినీ ఒకే నెట్‌వర్క్‌గా చూస్తుంది, తిరుగుతూ మారడం సులువు. మా ఆవిడ ఐఫోన్ పైగది గడప దాటగానే మారింది. ఆపిల్ తన లెక్క బయటపెట్టింది కూడా: సిగ్నల్ మైనస్ 70 కంటే పడిపోతే వెతుకులాట మొదలు, డేటా నడుస్తుంటే కొత్తది కనీసం 8 డెసిబెల్స్ మెరుగ్గా ఉండాలి, ఖాళీగా ఉంటే 12. నాన్నగారి ఫోన్ మాత్రం కదల్లేదు. "దానిది కొత్త ఫోన్ కదరా" అన్నారు, కొంచెం చిన్నబుచ్చుకుని.

మధ్యలో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. వైఫై పేరు దాచేస్తే భద్రం అని ఎవరో వీడియోలో చెబితే దాచేశాను. పేరు దాచాక రౌటర్ చాటింపులో పేరు ఉండదు, ఫోనే "ఫలానా పేరున్నవాళ్ళు ఉన్నారా" అని అడగాలి. మన ఫోన్ సంతలో ఉన్నా, బస్సులో ఉన్నా మా ఇంటి వైఫై పేరు చెప్పుకుంటూ తిరుగుతుందన్నమాట. దొంగకి దారి చూపించినట్టే ఉంది. ఆ రాత్రే తీసేశాను.

అసలు మందు రెండు పనులు. రిపీటర్ కింద నుంచి గాల్లో అందుకుని మళ్ళీ అదే గాల్లో వదులుతుంది కాబట్టి వేగం సగానికి పడిపోతోంది. దాన్ని పక్కనబెట్టి, మెట్ల గోడ వెంబడి కేబుల్ లాగి, అటక మీదున్న పాత రౌటర్‌ని పైన కూర్చోబెట్టాను. దాంట్లో ఫోన్లకి నెట్ అడ్రసులు ఇచ్చే డీహెచ్‌సీపీ ఆపేశాను, లేకపోతే ఇద్దరు పెద్దమనుషుల్లా రెండూ అడ్రసులు పంచుతాయి. ఒకదానికొకటి అడ్డం రాకుండా కింద ఛానల్ 1, పైన 11. రెండో పని కింద రౌటర్ పవర్ తగ్గించడం. నెట్ కుర్రాడు పెంచలేనన్నది నేను ఒక మెట్టు దించాను. పైగదిలో కిందది మైనస్ 80 కంటే పడిపోయింది. నాన్నగారు పైకొచ్చి మంచం మీద కూర్చున్నారు, ఫోన్ ఒక్క క్షణం ఆగి పైదానికి మారింది. "ఏం చేశావురా?" "తగ్గించాను నాన్నగారూ." ఆయన నమ్మలేదు.

ఒకరోజు కరెంటు పోయి వచ్చాక ఇంకో చిక్కు. రౌటర్ ముందే లేచింది, ఫైబర్ పెట్టె ఇంకా లేవలేదు. వైఫై తగిలింది కానీ "ఇంటర్నెట్ లేదు" అని చూపించింది. తగులుకున్నాక ఆండ్రాయిడ్ గూగుల్ సర్వర్‌లో ఒక ఖాళీ పేజీని అడుగుతుంది, 204 అనే జవాబు వస్తేనే ఇంటర్నెట్ ఉన్నట్టు. రాకపోతే ఫోన్ మొబైల్ డేటాతోనే పని కానిస్తుంది. రెండిటినీ ఇన్వర్టర్ లైన్‌లో కలిపేశాం, గొడవ వదిలింది.

వదలనిది అమ్మ ఫోన్. అమ్మ వంటింట్లో పిన్నితో మాట్లాడుతూ పెరట్లోకి నడుస్తుంది, మల్లెపందిరి దగ్గరకొచ్చేసరికి కాల్ కట్. వైఫై కాల్ ఇంటర్నెట్ మీదుగా మొబైల్ కంపెనీ గేటు దాకా ఒక సొరంగంలో వెళ్తుంది. బయటికొస్తే ఫోన్ దాన్ని తీసుకెళ్ళి మొబైల్ టవర్‌కి అప్పజెప్పాలి. వంటింటి గడప నుంచి మామిడిచెట్టు దాకా పదడుగుల్లో వైఫై సన్నగిల్లిపోయింది, టవర్ ఇంకా గట్టిగా అందలేదు. సెట్టింగ్స్‌లో "మొబైల్ నెట్‌వర్క్‌కే ప్రాధాన్యం" అని పెట్టి చూశాను. అప్పుడు వంటింట్లోనే అందీ అందని టవర్‌ని పట్టుకుని మాట ముక్కలు ముక్కలైంది. మళ్ళీ పాత పద్ధతికే మార్చాను. పెరట్లో మూడో రౌటర్ పెడదామంటే నాన్నగారు ఒప్పుకోలేదు, వానకి తడుస్తుందని.

హైదరాబాద్ వచ్చేశాక మొన్న అమ్మ ఫోన్ చేసింది. మాట మధ్యలో ఆగి, "ఇదిగో, పెరట్లోకి వెళ్తున్నా, పందిరి దాటాక నేనే చేస్తా" అని తనే పెట్టేసింది.