బ్రేకులన్నీ కొత్తవే, పెడల్ మాత్రం మెత్తన: మా ఎస్టీమ్‌తో నా అనుభవం

మా 2001 మోడల్ మారుతి ఎస్టీమ్ కారుకు ముందు చక్రాల డిస్కులు, వాటిని ప్యాడ్లతో నొక్కి పట్టే కాలిపర్లు మొదలుకొని, వెనుక డ్రమ్ముల్లో లైనర్లను నెట్టే వీల్ సిలిండర్ల దాకా, వాటిని కలిపే పైపులతో సహా బ్రేకు సామాను మొత్తం మార్పించే పని నిన్నటితో ముగిసింది. అయిదేళ్లకోసారి చేయించవలసిన ఆర్‌సీ రెన్యువల్ ఈ ఏడాది మళ్లీ వచ్చింది. ఫారం 25 నింపి బండిని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టే ముందు అడుగు భాగం చూసుకుందామని ర్యాంపు ఎక్కించగా, వెనుక ఇరుసు దగ్గర స్టీలు బ్రేకు పైపు పొరలు పొరలుగా లేచి, గోటితో గీకితే పొడిగా రాలింది. గంట సేపు వాన పడితే చాలు, రోడ్లు చెరువులయ్యే హైదరాబాదులో ఇన్నేళ్లు తిరిగిన బండికి అది వింతేమీ కాదు. చక్రాల దగ్గర రబ్బరు హోసులను వంచి చూస్తే పగుళ్లు కనిపించాయి. అంతకు రెండు నెలల క్రితమే సర్వీసు చేసిన వారు ‘బ్రేకులు ఓకే’ అని టిక్కు పెట్టి ఇచ్చిన కాగితం అప్పటికి డ్యాష్‌బోర్డులోనే ఉంది. ఆ టిక్కును నమ్మి ఊరుకోకుండా, పైపులతో పాటు అన్నీ మార్చాలని నిర్ణయించుకున్నాను.

డిస్కులు, ప్యాడ్లు, లైనర్లు, వీల్ సిలిండర్లు రాణిగంజ్‌లో ఒక్క పూటలో దొరికాయి. పుత్లీబౌలిలో సగం ధరకు పాత కాలిపర్లు చూపించారు గాని, బ్రేకు సామానులో సెకండ్ హ్యాండ్ కొనేవారికి నేను దూరం నుంచే దండం పెడతాను. చిక్కు వచ్చినది పైపు దగ్గర. దుకాణదారు ఏసీలకు వాడే మామూలు రాగి గొట్టం చుట్ట తీసి, “అందరూ ఇదే వేస్తారు సార్, తుప్పు పట్టదు” అన్నాడు. తుప్పు పట్టని మాట నిజమే. అయితే స్వచ్ఛమైన రాగి, బండి అదురుకు క్రమంగా గట్టిపడి, నట్టు పట్టిన చోట చిట్లుతుంది. బ్రేకులకు తగినది రాగిలో పది శాతం నికెల్, కొద్దిగా ఇనుము, మాంగనీసు కలిసిన పైపు. వోల్వో కంపెనీ 1976 నుంచే తన కార్లకు దీనిని వాడిందని వివరించి చెప్పాను. అతడు ఓపికగా అంతా విని, “వోల్వో బస్సు సామాను మా దగ్గర ఉండదు సార్” అన్నాడు. చివరికి అదే వీధిలో మరొక దుకాణం వారు 4.75 మిల్లీమీటర్ల పైపును తెప్పించి ఇచ్చారు. హోసులకు బదులు లోపల టెఫ్లాన్, పైన స్టీలు జడ అల్లిక ఉన్నవి తీసుకున్నాను.

నట్టు బిగిస్తే ఆయిల్ కారకుండా కూర్చునేలా పైపు కొనలను షెడ్డులో గరాటులా రెండు మడతలుగా విప్పించాను. ఒకే మడతతో విప్పి నట్టు బిగిస్తే ఆ అంచు పగిలే ప్రమాదముంది కనుక ఈ ఒక్క పని మాత్రం పక్కన నిలబడి చేయించుకోవాలి. వెనుక డ్రమ్ముల పని సాఫీగా సాగింది. పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండరు కూడా పాతబడిందంటే కొత్తది వేయించాను.

అసలు కథ పైపుల్లో చేరిన గాలి తీయడం దగ్గర మొదలైంది. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి, మరొకరు చక్రం దగ్గర గాలి తీసే చిన్న మర అయిన నిపుల్‌ను వదులు చేసి ఆయిలును, దానితో గాలి బుడగలను బయటకు వదిలి, పెడల్ పైకి లేవకముందే బిగించాలి. నాలుగు చక్రాలకూ చేశారు. బుడగలు ఆగాయి, సన్నటి గొట్టంలో తేటైన ఆయిల్ వచ్చింది. తీరా కూర్చుని తొక్కితే పెడల్ నేల దాకా మెత్తగా దిగిపోయింది. రెండు మూడు సార్లు గబగబా కొడితే పైకి లేచి పట్టేది, ఒక నిమిషం ఆగి తొక్కితే మళ్లీ మొదటికి వచ్చేది. మళ్లీ గాలి తీశారు, మళ్లీ అంతే. వెనుక లైనర్లను డ్రమ్ముకు దగ్గరగా సర్దారు, తేడా రాలేదు. కాలి బలాన్ని పెంచే బూస్టరు పోయిందన్నారు. ఇంజను ఆపి నాలుగైదు సార్లు తొక్కి, కాలు అలాగే అదిమి ఉంచి ఇంజను స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా దిగింది, అంటే బూస్టరు బాగున్నట్టే అని నేనే చూపించాను. అది షెడ్డు యజమానికి నచ్చలేదు.

అప్పటి నుంచి తప్పంతా నాదైంది. నేను తెచ్చిన పైపు లావు సరిపోదన్నాడు, స్టీలు అల్లిక హోసులు ‘ఫారిన్ షోకు’ అన్నాడు. నిజానికి ఆ హోసులు ఒత్తిడికి ఉబ్బవు కనుక పెడల్‌ను గట్టిపరుస్తాయే తప్ప మెత్తబరచవు. ఆ తర్వాత, కొత్త మాస్టర్ సిలిండరే డూప్లికేటు అని, తాను తెప్పించే ఒరిజినల్ వేస్తేనే పని అవుతుందని తేల్చాడు. ధర అడిగి, ఆలోచిస్తానన్నాను. దానికి అతడు, కార్లు చూపించుకోవడానికి వచ్చిన పది మంది ముందు, “సార్, ఇరవై అయిదేళ్ల బండి ఇది. రెండు సార్లు కొట్టి తొక్కండి, ఆగుతుంది. కొత్త బండి పెడల్ కావాలంటే కొత్త బండి కొనుక్కోవాలి మరి” అన్నాడు. కుర్రాళ్లు పకపక నవ్వారు. నా కంటే చిన్నవాడొకడు నన్ను ఓదార్చే ధోరణిలో తన బండి ఏ షోరూములో కొన్నాడో చెప్పడం మొదలుపెట్టాడు. జూబ్లీ హిల్స్ వాలులో ముందున్న బస్సు ఆగితే, ‘రెండు సార్లు కొట్టి తొక్కే’ వ్యవధి ఎవరిస్తారని అడగాలనిపించింది గాని, మాట పెగలలేదు.

నేను ముప్పై ఏళ్లు నీటి పైపు లైన్ల పనిలో ఉన్నవాణ్ని. ఎక్కడ లోపముందో తెలియనప్పుడు లైనును ముక్కలుగా మూసి చూడటం మాకు మొదటి పాఠం. మరునాడు పాత స్టీలు పైపు కొనలను నట్టుతో సహా బెత్తెడు ముక్కలుగా కోయించి, తెగిన వైపు నలిపి, ఇత్తడితో మూయించి తెచ్చాను. మాస్టర్ సిలిండరు నుంచి పైపులు విప్పి, ఆ రంధ్రాలన్నింటికీ ఈ ముక్కలు బిగించమన్నాను. యజమాని మొహం చిట్లించాడు గాని కాదనలేదు. అప్పుడు తొక్కితే పెడల్ వేలెడు దూరం కూడా దిగకుండా రాయిలా నిలబడింది. అంటే అతడు అమ్మజూసిన ఒరిజినల్ అవసరమే లేదు, లోపం ఉన్నది చక్రాల వైపే.

ఎస్టీమ్‌లో ఆయిల్ రెండు దారుల్లో ఐమూలగా పోతుంది. ముందు ఎడమ చక్రంతో వెనుక కుడి చక్రం ఒక దారి, మిగిలిన రెండూ మరొకటి. ఒక దారిని మూసి రెండవది కలిపి చూశాను, తర్వాత అటుదిటు చేశాను. రెండింట్లోనూ మెత్తదనం సమానంగా ఉంది. వెనుక రబ్బరు హోసుల్లో ఒకటి అప్పటికింకా మార్చకుండా మిగిలింది, దానిని నొక్కి పట్టినా తేడా లేదు. ఇక మిగిలినవి ముందు చక్రాలు. టార్చి పట్టుకుని చక్రం తీసిన చోట కూర్చుని చూస్తే, గాలి తీసే నిపుల్ కాలిపరుకు కింది వైపున, నేలను చూస్తూ ఉంది. హోసు బోల్టు దానికి పైన ఉంది. రెండవ వైపు కూడా అంతే.

మా పైపు లైన్లలో గాలి వాల్వును ఎప్పుడూ గుట్ట మీద, పైపు అన్నింటికంటే ఎత్తులో ఉన్న చోట పెడతాం, ఎందుకంటే గాలి అక్కడికే చేరుతుంది. కాలిపరులోనూ అంతే. కింద ఉన్న నిపుల్ నుంచి ఎన్ని లీటర్ల ఆయిల్ వదిలినా, పిస్టను పైభాగంలో చిక్కిన గాలి కదలదు. తొక్కిన ప్రతిసారీ ఆ గాలి నలిగి, పెడల్ దిగిపోతుంది. బల్ల మీద రెండు కాలిపర్లనూ పక్కపక్కన పెట్టుకుని బిగించిన కుర్రాడు కుడిది ఎడమకు, ఎడమది కుడికి వేశాడు. బోల్టు రంధ్రాలు రెండు వైపులా సరిపోవడంతో ఎవరికీ అనుమానం రాలేదు. ‘ఫారిన్ షోకు’ హోసులకు వంగే గుణం ఉండబట్టి అవి కూడా ఎదురు చెప్పలేదు.

మార్చి బిగించి, మాస్టర్ సిలిండరుకు దూరపు చక్రం నుంచి మొదలుపెట్టి మళ్లీ గాలి తీశారు. ముందు కాలిపర్ల నిపుల్ వదలగానే చిటచిట శబ్దంతో తెల్లటి నురగ వచ్చింది, ఆపై తేట ఆయిల్. తొక్కితే సగం దూరం కూడా పోకముందే పెడల్ గట్టిగా నిలిచింది. యజమాని ఆ పక్కకే రాలేదు. “కుర్రాడు చూసుకోలేదు సార్” అని లోపలి నుంచి ఒక కేక వేసి, ఫోను చూసుకుంటూ ఉండిపోయాడు.

ఆయిల్ విషయంలో కూడా వాదన జరిగింది. వారు డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ పోయబోతే, నేను డాట్ 4 పోయించాను. కొత్తగా ఉన్నప్పుడు డాట్ 3 మరిగే కనీస ఉష్ణోగ్రత 205 డిగ్రీలు, డాట్ 4 ది 230 డిగ్రీలు. గాలిలోని తేమ పీల్చి పాతబడితే ఇవి 140కి, 155కి పడిపోతాయి. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలి. సీసా మీద డాట్ 5 అని కనిపిస్తే ఎక్కువ అంకె మంచిదనుకుని మోసపోవద్దు, అది సిలికాను రకం, వీటితో కలపరాదు. ఆయిల్ ఒలికిన చోట వెంటనే నీళ్లు పోయకపోతే పెయింటు లేచిపోతుంది. మా బండి ఫెండరు మీద ఆ గుర్తు ఇప్పుడు ఉంది, దానికి ఎవరు జవాబుదారో నేను చెప్పనక్కరలేదు.

కొత్త ప్యాడ్లు, డిస్కులు కుదురుకోవడానికి తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద మధ్య వేగం నుంచి మెల్లగా తగ్గిస్తూ, పూర్తిగా ఆపకుండా, మధ్యమధ్య చల్లారనిస్తూ నడిపాను. ఇన్‌స్పెక్టర్ దగ్గర పని అయిదు నిమిషాల్లో అయింది. అంతకు ముందు బండి తీసుకునేటప్పుడు ఇచ్చిన బిల్లులో మాత్రం షెడ్డు వారు ‘గాలి తీసిన కూలి’ అని నాలుగు వరుసలు, వృథా అయిన ఆయిల్‌కు ఒక వరుస రాశారు. ఆ అయిదు వరుసల మీద పెన్నుతో గీత గీసి, మిగిలిన మొత్తం లెక్క కట్టి బల్ల మీద పెట్టాను. యజమాని ఒకసారి కాగితాన్ని, ఒకసారి నన్ను చూసి, డబ్బు లెక్కపెట్టుకుని తాళాలిచ్చాడు.